ఖిదిర్‌పూర్ గడప దగ్గర నీళ్ళ లెక్క

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ పక్కనే టాలీ నాలా వచ్చి హుగ్లీ నదిలో కలుస్తుంది. ఆ మూల మీద దహీ ఘాట్ ఉంది. వానాకాలంలో, పున్నమికో అమావాస్యకో అటూ ఇటూగా, అక్కడ మెట్ల మీద నిలబడ్డ కొత్తవాళ్ళకి ఒక వింత కనిపించవచ్చు. ఒడ్డున కట్టేసిన పడవలు ఉన్నట్టుండి తాళ్ళు విప్పుకుని నడినదిలోకి వెళ్ళిపోతాయి. సముద్రం వైపు నుంచి పెద్ద కెరటం వస్తోందని అప్పటికే కేక పడి ఉంటుంది: ‘బాన్! బాన్!’ కెరటం వస్తుంటే ఒడ్డు చేరాలి గానీ, దానికి ఎదురుపోవడం ఏమిటి?

పడవవాళ్ళకి తెలుసు. లోతైన నడినదిలో ఆ కెరటం పడవని ఎత్తి దించి తన దారిన పోతుంది. ఒడ్డున లోతు తక్కువ కాబట్టి అక్కడ విరిగిపడి, పడవని మెట్లకేసి బాదుతుంది. హుగ్లీలో ఈ కెరటం ఏడడుగుల ఎత్తు దాటిన సందర్భాలున్నాయి. వానాకాలపు పెద్ద బాన్‌కి బెంగాలీలు పెట్టుకున్న పేరుకి ‘ఆంబోతుల కుమ్ములాట’ అని అర్థం. సముద్రం పొంగితే ‘పోటు’, కుమ్మే ఎద్దు ‘పోట్లగిత్త’ అనే తెలుగువాళ్ళకి ఆ పేరు కొత్తగా తోచదు.

ఈ అధ్యాయానికి ఆ పడవవాడే గురువు. నది వైపు చూసినప్పుడు అతని మనసులో రెండు ప్రశ్నలుంటాయి. నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి? ఎంత జోరుగా పెరుగుతున్నాయి? మొదటి ప్రశ్నకి ఒక కొలకర్ర చాలు. రెండోదానికి తడబడకుండా జవాబు చెప్పడానికి మనిషికి వందల ఏళ్ళు పట్టింది. ఆ జవాబునే కలన గణితం అంటారు.

భయం ఎక్కడ మొదలైంది?

లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తేవాళ్ళని కదిపితే చాలామంది ఒకే చోటు చూపిస్తారు. పదో తరగతి దాకా ఎలాగో నెట్టుకొచ్చారు. ఇంటర్మీడియట్‌లో ‘అవధి’ అన్నారు, ఆ వెంటనే ‘అవకలజం’ అన్నారు, ఆపైన డీవై బై డీఎక్స్ అని బోర్డు నిండా రాశారు. అది దేనికోసమో చెప్పకుండానే సూత్రాల పట్టిక చేతిలో పెట్టారు. పట్టిక బట్టీ పట్టినవాళ్ళు గట్టెక్కారు, పట్టనివాళ్ళు బైపీసీలోనో సీఈసీలోనో తలదాచుకున్నారు. గట్టెక్కినవాళ్ళలో కూడా ఎంతమందికి విషయం అర్థమైందో వాళ్ళకే తెలియాలి.

నిజానికి అవకలజం అనే మాట వెనక ఉన్నది పడవవాడి రెండో ప్రశ్నే. ‘ఇప్పుడు, ఈ క్షణాన, ఎంత వేగంగా మారుతోంది?’ అంతకు మించి అందులో ఇంకేమీ లేదు. చిక్కంతా ‘ఈ క్షణాన’ అనే మాటతోనే వచ్చింది.

ఆ చిక్కు విప్పడానికి ఖిదిర్‌పూర్‌ని మించిన చోటు దొరకదు. ఇది సముద్రానికి 200 కిలోమీటర్ల పైన, లోపలికి ఉన్న నది రేవు. 1892లో తెరిచిన ఇక్కడి డాకులోకి ఓడ రావాలంటే నది పోటు మీద ఉండాలి. నీళ్ళ ఎత్తూ, అది మారే తీరూ తెలియకపోతే ఇక్కడ పని జరగదు. ఈ చుట్టుపక్కల పేర్లు తెలుగు ఇళ్ళకి కొత్తవేం కాదు. ఖిదిర్‌పూర్‌ని ఆనుకుని ఉన్న గార్డెన్ రీచ్‌లోనే సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్‌కి పై ఆఫీసు ఇదే. బదిలీ అయినా, పదోన్నతి అయినా ఉత్తరం గార్డెన్ రీచ్ నుంచే రావాల్సి ఉండేది.

సున్నా ఒక గడప

ఎత్తు కొలవాలంటే ముందు సున్నా ఎక్కడో తేల్చుకోవాలి. హుగ్లీ నీటిమట్టానికి ఆ సున్నా ఖిదిర్‌పూర్‌లోనే ఉంది. ఇక్కడి పాత డాకు గేటు కింద ఒక గడప ఉండేది. ఓడ లోపలికి రావాలంటే ఆ గడపని దాటి రావాలి కాబట్టి, దాని మీద ఎన్ని అడుగుల నీళ్ళున్నాయన్నదే రేవువాళ్ళకి ముఖ్యం. అందుకే ఆ గడపనే సున్నా చేశారు. ‘ఖిదిర్‌పూర్ ఓల్డ్ డాక్ సిల్’ అనే ఆ పేరులో మొదటి అక్షరాలు తీసుకుని ఇంజనీర్లు దాన్ని ‘కె.ఓ.డి.ఎస్.’ అంటారు. నది ఎత్తులనే కాదు, కోల్‌కతా మురుగుకాలవల మట్టాలని కూడా ఆ గడప నుంచి కొలవడం రివాజు.

ఇప్పుడు గడప మీద 3 మీటర్ల నీళ్ళున్నాయి అనుకుందాం. ఈ ఒక్క అంకెతో పడవవాడు ఏం చెయ్యగలడు? ఏమీ చెయ్యలేడు. పొద్దున పోటులో నీళ్ళు ఎక్కుతూ 3 మీటర్ల గుర్తుని దాటుతాయి. మధ్యాహ్నం ఆటులో దిగుతూ మళ్ళీ అదే గుర్తుని దాటుతాయి. కొలకర్ర రెండుసార్లూ ఒకే మాట చెబుతుంది. కానీ ఒకసారి పడవ తేలబోతోంది, రెండోసారి బురదలో కూరుకుపోబోతోంది. బ్యాంకులో 10,000 రూపాయలున్న ఇద్దరిలో ఒకరికి జీతం పడుతూ ఉంటే, మరొకరికి వాయిదాలు కోతపడుతూ ఉన్నట్టు.

హుగ్లీలో తేడా అక్కడితో ఆగదు. ఒక పోటు నుంచి తర్వాతి పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఆ వ్యవధి ఇక్కడ సగం సగంగా చీలదు. నీళ్ళు ఎక్కడానికి నాలుగైదు గంటలే పడుతుంది, దిగడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. హెచ్చు తగ్గుల మధ్య తేడా 4 మీటర్లు అనుకుంటే, ఎక్కేటప్పుడు సగటున గంటకి 90 సెంటీమీటర్ల దాకా, దిగేటప్పుడు గంటకి 50 సెంటీమీటర్లు. గణితంలో ఎక్కే వేగానికి కూడిక గుర్తు, దిగే వేగానికి తీసివేత గుర్తు పెడతారు. ఆ చిన్న గీత చూసే చాలామంది బెదిరిపోతారు గానీ, అది చెప్పేది ‘దిగుతోంది’ అన్న కబురే.

సగటు చెప్పని సంగతి

గంటకి 90 సెంటీమీటర్లు అన్నది సగటు. సగటుని నమ్ముకుంటే నదిలో దిగలేం. హైదరాబాదు నుంచి విజయవాడకి బస్సు సగటున గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిందంటే, దారిలో టీ కొట్టు దగ్గర ఆగిన పావుగంటా, ఖాళీ రోడ్డు మీద దూసుకుపోయిన పావుగంటా ఆ అంకెలో కలిసిపోయాయన్నమాట. మలుపు దగ్గర బ్రేకు వెయ్యాల్సిన డ్రైవరుకి ఆ సగటుతో పని లేదు. అతనికి కావలసింది ముల్లు ఇప్పుడు ఎక్కడుందన్నది.

అయితే ‘ఇప్పుడు’ని కొలిచేదెలా? వేగం అంటే ఎంత మార్పు, ఎంత సేపట్లో అని కదా. ఒక్క క్షణంలో సేపు అంటూ ఏదీ లేదు, మార్పూ లేదు. సున్నాని సున్నాతో భాగించమంటే లెక్క అక్కడే ఆగిపోతుంది. కలన గణితం ఈ గోడని బద్దలు కొట్టదు, పక్క నుంచి వెళ్తుంది. ఆ దారి చూడటానికి ఒక ఊహా పోటుని తీసుకుందాం. లెక్క తేలికగా ఉండాలని కల్పించినదే గానీ నిజం నది ఇంత బుద్ధిగా నడవదు.

ఈ పోటులో మొదట గడప మీద ఒకటిన్నర మీటర్ల నీళ్ళున్నాయి. ఆ తర్వాత ఎన్ని గంటలు గడిస్తే, ఆ అంకెని దానితోనే గుణించి, దాన్ని 0.3తో గుణిస్తే వచ్చినన్ని మీటర్ల నీళ్ళు చేరతాయి. ఒక గంటకి 0.3 మీటర్లు, రెండు గంటలకి 1.2 మీటర్లు, మూడు గంటలకి 2.7 మీటర్లు. నీళ్ళు రాను రాను జోరందుకుంటున్నాయి. సరిగ్గా రెండో గంట దగ్గర వాటి వేగం ఎంత?

రెండో గంట నుంచి మూడో గంట దాకా చూస్తే నీళ్ళు 1.5 మీటర్లు పెరిగాయి. గంటకి 1.5 మీటర్లు. కానీ ఇది మూడో గంట దగ్గరున్న జోరుని కూడా కలుపుకున్న అంకె. వ్యవధిని కుదిద్దాం. అరగంటే చూస్తే గంటకి 1.35 మీటర్ల చొప్పున వస్తుంది. ఆరు నిమిషాలు చూస్తే 1.23. ముప్ఫై ఆరు సెకన్లే చూస్తే 1.203.

కాగితం మీద ఈ అంకెల్ని వరసగా రాసి చూడండి: 1.5, 1.35, 1.23, 1.203. ప్రతిదానిలోనూ 1.2 ఉంది. దాని పైన ఒక మిగులు ఉంది: 0.3, 0.15, 0.03, 0.003. ఈ మిగులుకి ఒక పద్ధతుంది. తీసుకున్న వ్యవధిని గంటల్లో రాసి 0.3తో గుణిస్తే వచ్చేది అదే. గంటకి 0.3, అరగంటకి దానిలో సగం, ఆరు నిమిషాలకి దానిలో పదో వంతు, ముప్ఫై ఆరు సెకన్లకి నూరో వంతు. వ్యవధిని ఎంత తగ్గిస్తే మిగులు అంత తగ్గుతుంది. 1.2 మాత్రం కదలదు.

అదే జవాబు. రెండో గంట దగ్గర నీళ్ళు గంటకి 1.2 మీటర్ల వేగంతో పెరుగుతున్నాయి. వ్యవధిని సున్నా చెయ్యనక్కర లేకుండానే, సున్నా వైపు నడుస్తున్నప్పుడు అంకెలు ఎటు పోతున్నాయో చూసి చెప్పేశాం. అవి చేరబోయే ఆ అంకెకే ‘అవధి’ అని పేరు. ఇలా దొరికిన వేగానికి ‘అవకలజం’ అని పేరు. ఇంటర్మీడియట్ పుస్తకంలో రెండు అధ్యాయాలు ఆక్రమించిన మాటలు ఇవే.

ఈ మిగులుని వదిలెయ్యడానికి మనకి హక్కుందా అని ఇక్కడ ఎవరైనా నిలదీస్తే వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. న్యూటన్, లైబ్నిట్జ్ 17వ శతాబ్దంలో ఈ విద్యకి రూపమిచ్చారు. 1734లో జార్జి బర్క్‌లీ అనే మతాచార్యుడు సరిగ్గా ఇదే చోట వేలు పెట్టి వాళ్ళని ఎద్దేవా చేశాడు. భాగించేటప్పుడు సున్నా కాదంటారు, భాగించాక సున్నా అంటారు, ఇదెక్కడి న్యాయమని అతని వాదన. గణితవేత్తలు దానికి గట్టి సమాధానం కూర్చుకోవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ఫ్రాన్సులో కోషీ 1821లో అచ్చువేసిన పాఠాల్లో అవధి అనే భావనని పునాదిగా నిలబెట్టాడు. కాబట్టి తరగతి గదిలో ఈ మెట్టు దగ్గర తడబడ్డ పిల్లవాడు మంచి సావాసంలోనే ఉన్నాడు.

పంచాంగంలో ‘ఇప్పుడు’

‘ఈ క్షణపు వేగం’ అన్న ఆలోచన ఐరోపాలో మొదలైందనుకుంటే పొరపాటు. 1150లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణి రాశాడు. అందులో గ్రహాల చలనం లెక్కించేటప్పుడు రోజు మొత్తం మీద గ్రహం నడిచిన దూరాన్ని వేరుగా, ‘తాత్కాలిక గతి’ని వేరుగా చెప్పాడు. తాత్కాలికం అంటే ఇవాళ మనం వాడే ‘టెంపరరీ’ కాదు. ఆ కాలానికి, ఆ క్షణానికి సంబంధించినది అని.

అంత సూక్ష్మం ఎందుకు కావలసి వచ్చింది? చంద్రుడి వల్ల. చంద్రుడు చకచకా నడుస్తాడు, పైగా ఒకే వేగంతో నడవడు. అందుకే ఒక తిథి 20 గంటల్లోనే ముగిసిపోవచ్చు, మరొకటి 26 గంటలు దాటవచ్చు. తిథి ఎప్పుడు వెళ్ళిపోతుందో ఘడియ విఘడియలతో చెప్పాలంటే రోజు సగటు పనికిరాదు, అప్పటి వేగం కావాలి. ఏకాదశి ఎప్పుడు దాటుతుందో తెలియకపోతే ఉపవాసమున్నవాళ్ళు ఊరుకోరు కదా. గ్రహం తన సగటు స్థానం నుంచి పూర్తిగా పక్కకి జరిగిన చోట, ఆ జరుగుడులో మార్పు సున్నా అవుతుందని కూడా భాస్కరుడు గమనించాడు. ఈ మాటని గుర్తుపెట్టుకోవాలి. ఖిదిర్‌పూర్ నదిలో ఇది మళ్ళీ ఎదురవుతుంది.

ఆ చంద్రుడే హుగ్లీ నీళ్ళనీ లాగుతున్నాడు.

సున్నాల పుస్తకం

1870ల చివర్లో సర్వే ఆఫ్ ఇండియా దేశం చుట్టూ ఉన్న రేవుల్లో పోటుకొలత యంత్రాలు పెట్టించింది. మేజర్ బెయిర్డ్ ఆ పనికి పెద్ద. ఆ కొలతల్ని విడమరిచి, చార్లెస్ డార్విన్ కొడుకు జార్జి డార్విన్‌తో కలిసి ఆయన 1885లో ఫలితాలు ప్రకటించాడు. ఆ రేవుల జాబితాలో ఖిదిర్‌పూర్ ఉంది. మన విశాఖపట్నం కూడా ఉంది. ఒకే పద్ధతితో రెండు చోట్లా కొలిస్తే తెలిసిందేమిటంటే, విశాఖలో పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటర్ల లోపే. గరాటులా ఇరుకయ్యే నదీముఖం వల్ల హుగ్లీలో అది రెండు మూడింతలవుతుంది.

వాళ్ళు చేసిన పని ఇది. చంద్రుడు ఒక తీరున, సూర్యుడు మరో తీరున, చంద్రుడు దగ్గరవడం, దూరమవడం ఇంకో తీరున నీటిని ఊపుతాయి. ఒక్కో ఊపునీ ఒక్కో ఉయ్యాలగా విడదీశారు. ఆ ఉయ్యాలలన్నిటినీ మళ్ళీ కలిపి రాబోయే ఏడాది పోటుల్ని ముందే గీసే యంత్రాన్ని భారత ప్రభుత్వం కోసం ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో లండన్‌లో తయారు చేయించాడు. ఒక్కో ఊపుకి ఒక్కో చక్రం, అన్నిటి మీదుగా పోయే ఒక తీగ, తీగ చివర కలం. చక్రాలు తిప్పితే కలం కాగితం మీద నీటి గీత గీస్తుంది. ఆ యంత్రం తర్వాత డెహ్రాడూన్ చేరింది. హుగ్లీ పోటు పట్టికల్ని సర్వే ఆఫ్ ఇండియా ఏటేటా అచ్చువేస్తూ వచ్చింది.

ఆ పట్టిక తెరిస్తే రోజుకి మూడో నాలుగో వరసలుంటాయి. ఫలానా సమయానికి హెచ్చు, ఇంత ఎత్తు. ఫలానా సమయానికి తగ్గు, ఇంత ఎత్తు. మధ్యలో ఏం జరుగుతుందో ఉండదు. ఇంతకీ ఆ సమయాల్లో ఉన్న విశేషం ఏమిటి? ఉయ్యాల చివరంటా వెళ్ళినప్పుడు ఒక్క క్షణం నిలుస్తుంది. అంతకు ముందు పైకి, ఆ తర్వాత కిందికి. మధ్యలో పైకీ లేదు, కిందికీ లేదు. నీళ్ళు కూడా హెచ్చు దగ్గర ఎక్కడం మానేస్తాయి, ఇంకా దిగడం మొదలుపెట్టవు. ఆ క్షణాన మట్టం మారే వేగం సున్నా. తగ్గు దగ్గరా అంతే. భాస్కరుడు గ్రహం గురించి చెప్పినది ఇదే మాట.

అంటే ఎత్తుల పుస్తకం అనుకున్నది అసలు సున్నాల పుస్తకం. ఏడాదిలో సుమారు 1,400 సార్లు అవకలజం సున్నా అయ్యే క్షణాల జాబితా అది. పడవవాళ్ళు, ఓడ పైలట్లు, ఘాట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళు దాన్ని చదువుతూనే ఉన్నారు. పరీక్షలో ‘గరిష్ఠం, కనిష్ఠం కనుక్కోండి’ అని అడిగే ప్రశ్నకి ఇంతకంటే పెద్ద జవాబుపత్రం ఇంకోటి ఉండదు.

పగటి పొడవు గమనించేవాళ్ళకీ ఇది అనుభవమే. జూన్ మూడో వారంలో పగలు అన్నిటికంటే పొడుగ్గా ఉంటుంది, కానీ రోజుకీ రోజుకీ తేడా తెలియదు. మార్చిలోనూ సెప్టెంబరులోనూ పగలు మధ్యస్థంగానే ఉంటుంది, మార్పు మాత్రం చురుగ్గా ఉంటుంది. ఎంత ఉంది అన్నదీ, ఎంత వేగంగా మారుతోంది అన్నదీ వేరువేరు సంగతులు.

ఇక్కడ నదివాళ్ళు ఒక సవరణ చెబుతారు. మట్టం నిలిచిందంటే ప్రవాహం నిలిచిందని కాదు. నీళ్ళు హెచ్చు చేరాక కూడా కొంతసేపు ఎగువకే పారుతూ ఉంటాయి. ఎత్తు మారే వేగం ఒకటి, నీళ్ళు పారే వేగం మరొకటి. అవకలజం అడిగేటప్పుడు దేని మార్పు గురించి అడుగుతున్నామో ముందే చెప్పుకోకపోతే ఓడ ఇసుక దిబ్బ ఎక్కుతుంది.

గీత నిట్టనిలువైన చోట

మళ్ళీ బాన్ దగ్గరికి వద్దాం. అంత కెరటం ఎక్కడ పుడుతుంది? తక్కువ లోతులో పొడవైన కెరటం నడిచే వేగం లోతుని బట్టి ఉంటుంది. లోతుని మీటర్లలో తీసుకుని 9.8తో గుణించి వర్గమూలం తీస్తే, సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. 4 మీటర్ల లోతులో గంటకి సుమారు 22 కిలోమీటర్లు, 9 మీటర్ల లోతులో సుమారు 34 కిలోమీటర్లు. పోటులో ముందు భాగం కింద నీళ్ళు తక్కువ, వెనక శిఖరం కింద నీళ్ళు ఎక్కువ. వెనకది ముందుదాన్ని తరుముకుంటూ వస్తుంది. నది లోపలికి వచ్చేకొద్దీ ముందు వాలు నిటారుగా లేస్తుంది. ఎక్కడం నాలుగైదు గంటలకి కుదించుకుపోయింది ఇందుకే. పెద్ద పోటు రోజుల్లో అది ఇంకా ముదిరి, వాలు కాస్తా నడిచే గోడ అవుతుంది.

గీత రూపంలో చూస్తే అవకలజం అంటే వాలు. చదునైన చోట సున్నా, ఎగువకి వాలితే కూడిక, దిగువకి వాలితే తీసివేత. గోడకి వాలు ఎంత? చెప్పలేం. వ్యవధిని కుదించేకొద్దీ అంకెలు ఒక చోట స్థిరపడకుండా పెరుగుతూనే పోతాయి. అలాంటి చోట అవకలజం లేదంటుంది గణితం. సూత్రం పనిచెయ్యని చోటు ఉందని ఒప్పుకోవడం గణితానికి చిన్నతనం కాదు. ఆ చోటు ఎక్కడో ముందే చెప్పగలగడం దాని బలం. పడవ తాడు విప్పడం కూడా ఆ పనే.

వేగం తెలిస్తే మొత్తం దొరుకుతుంది

ఇంతవరకు ఎత్తు నుంచి వేగానికి వచ్చాం. తిరుగు ప్రయాణం కూడా ఉంది. దాని పేరు సమాకలనం. దీనికి డాకు లాకు గేటు దగ్గరికి వెళ్ళాలి.

నదిలో నీళ్ళు ఎక్కి దిగుతుంటాయి, డాకులో నీళ్ళు నిలకడగా ఉండాలి. మధ్యలో రెండు గేట్ల గది ఉంటుంది, దాన్నే లాకు అంటారు. ఓడ గదిలోకి వచ్చాక వెనక గేటు మూసి, నీళ్ళు వదిలి, మట్టాలు సమానం చేసి ముందు గేటు తెరుస్తారు. ఖిదిర్‌పూర్ లాకు పొడవు 580 అడుగులు, వెడల్పు 80 అడుగులు. అందులో మట్టం ఒక్క అడుగు పెరగాలంటే 13 లక్షల లీటర్ల పైచిలుకు నీళ్ళు కావాలి.

తూము తెరవగానే నీళ్ళు ఉరుకుతాయి. రెండు వైపులా తేడా తగ్గేకొద్దీ జోరు తగ్గుతుంది. లెక్క కోసం, మొదట నిమిషానికి 2 అడుగుల చొప్పున పెరిగి, ఆ వేగం ఒకే తీరున తగ్గుతూ 12 నిమిషాలకి సున్నా అయిందనుకుందాం. మొత్తం ఎంత పెరిగింది? వేగాన్ని గీతగా గీస్తే ఒక త్రికోణం వస్తుంది. దాని వైశాల్యం 12లో సగం, ఇంటూ 2. అంటే 12 అడుగులు. చిన్న చిన్న వ్యవధుల్లో పెరిగినదాన్ని ముక్కలుగా కూడితే వచ్చేది ఆ వైశాల్యమే. సమాకలనం అంటే ఈ కూడికే.

ఆ త్రికోణాన్ని నిలువునా రెండుగా కోస్తే ఒక విశేషం బయటపడుతుంది. మొదటి 6 నిమిషాల్లో సగటు వేగం ఒకటిన్నర అడుగులు కాబట్టి 9 అడుగులు నిండింది. మిగతా 6 నిమిషాల్లో నిండేది 3 అడుగులే. సగం సమయానికి ముప్పాతిక పని అయిపోయింది. ఆఖరి అడుగు కోసం ఓడవాళ్ళంతా గేటు వైపు చూస్తూ ఎందుకు విసుక్కుంటారో ఈ త్రికోణం చెబుతుంది.

ఇదంతా చదివాక కూడా లెక్కలంటే గుబులుగానే ఉన్నవాళ్ళు ఒక పని చేసి చూడవచ్చు. కాకినాడ దగ్గరో, భీమిలిలోనో, సముద్రం నీళ్ళు వచ్చిపోయే ఏదైనా కాలవ దగ్గర ఒక కర్ర పాతి, దాని మీద బెత్తెడు బెత్తెడు దూరంలో గీతలు పెట్టండి. నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో అరగంటకోసారి కాగితం మీద రాసుకోండి. ఆరు గంటలకి పదమూడు అంకెలొస్తాయి. పక్కపక్క అంకెల మధ్య తేడాలు తీసి మరో వరస రాయండి. మొదటి వరస నీళ్ళ ఎత్తు, రెండో వరస దాని అవకలజానికి దగ్గరి లెక్క. రెండో వరసలో కూడిక కాస్తా తీసివేత అయిన చోట గుర్తు పెట్టి, ఆ రోజు పట్టికలో హెచ్చు సమయం ఎంత ఇచ్చారో పక్కన పెట్టి చూసుకోండి.